పెరటి మట్టిలో వైరస్ వేట

పిల్లలూ! "పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అనే సామెత మీ ఇంట్లో పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు. కళ్ళ ముందున్నదాన్ని మనం లెక్కచేయం, దూరాన ఉన్నదానికే విలువ ఇస్తాం అని దాని భావం. ఈ సామెతను తలకిందులు చేసిన ఒక కుళ్ళిన వంకాయ కథ ఈసారి చెప్పుకుందాం.

2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని, కుళ్ళిపోతున్న వంకాయ అడుగుభాగం నుంచి చిటికెడు నమూనా తీసుకుంది. అందులో ఒక వైరస్ దొరికింది. దానికి 'మడ్డీ' అని పేరు పెట్టారు. బురద బురదగా ఉన్నది అని ఆ మాటకు అర్థం. ఎనిమిదేళ్ళ తరువాత, 2018లో, ఆ వైరస్ లండన్ ఆసుపత్రిలో చావుబతుకుల మధ్య ఉన్న ఒక అమ్మాయికి మందుగా వెళ్ళింది. ఆ అమ్మాయి వయసు 15 ఏళ్ళు. అంటే మీలో తొమ్మిది, పది తరగతుల వాళ్ళ ఈడుదే.

వైరస్ అంటే జబ్బు చేసేది కదా, మందు ఎలా అయింది? వంకాయలో ఎందుకు వెతికారు? ఒక్కొక్కటే చూద్దాం.

బాక్టీరియాకూ జబ్బు చేస్తుంది

మనకు జలుబు తెచ్చే వైరస్‌లు ఉన్నట్టే, మొక్కలకు తెగులు తెచ్చే వైరస్‌లూ ఉన్నాయి. అలాగే బాక్టీరియాను మాత్రమే పట్టుకునే వైరస్‌లు ఉన్నాయి. వాటిని బాక్టీరియోఫేజ్‌లు అంటారు. ముద్దుగా ఫేజ్‌లు. 'ఫేజ్' అనే మాట గ్రీకు భాషలో తినడాన్ని సూచించే మాట నుంచి వచ్చింది. మనం 'బాక్టీరియా భక్షకి' అనుకోవచ్చు. ముల్లును ముల్లుతోనే తీయాలని పెద్దలు అన్నట్టు, సూక్ష్మజీవిని సూక్ష్మజీవితోనే తీసే ఏర్పాటు ఇది.

వీటి పరిమాణం ఎంతో రైల్వే పిల్లలకు చెప్పడం తేలిక. మన పేగుల్లో ఉండే ఇ.కోలై అనే బాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ బాక్టీరియా రైలుపెట్టె అంత పొడవు ఉందనుకోండి. దాన్ని పట్టుకునే టీ4 అనే ఫేజ్, ఆ పెట్టె తలుపు దగ్గర నిలబడ్డ పొడగరి మనిషంత ఉంటుంది.

టీ4కు ఒక తల, ఒక తోక, తోక చివర సాలెపురుగు కాళ్ళలాంటి సన్నని పోగులు ఉంటాయి. ఆ కాళ్ళతో బాక్టీరియా మీద వాలుతుంది. తోకను కుదించి, సూది గుచ్చినట్టు గుచ్చి, తలలో ఉన్న డీఎన్ఏను లోపలికి పంపుతుంది. ఇక ఆ బాక్టీరియా తన పని మానేసి ఫేజ్ చెప్పిన పని చేయడం మొదలుపెడుతుంది. లోపల కొత్త ఫేజ్‌లు తయారవుతాయి. అరగంట తిరిగేసరికి బాక్టీరియా పగిలిపోయి, వంద, రెండు వందల ఫేజ్‌లు బయటికి వస్తాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది. టీ4 డీఎన్ఏను సాగదీస్తే, అది పట్టవలసిన తల పొడవుకు సుమారు 500 రెట్లు ఉంటుంది. అంత పొడవు దారం అంత చిన్న డబ్బాలో ఎలా పడుతుంది? బదిలీ ఉత్తర్వు వచ్చిన వారంలో ఇల్లంతా పెట్టెల్లోకి ఎక్కించే మన అమ్మానాన్నలకు ఈ కష్టం తెలుసు. ఫేజ్ దగ్గర సామాను సర్దడానికి ఒక యంత్రమే ఉంది. ప్రోటీన్లతో తయారైన ఆ చిన్న మోటారు సెకనుకు దాదాపు 2,000 డీఎన్ఏ అక్షరాల వేగం దాకా అందుకుని దారాన్ని తలలోకి లాగి కూరుతుంది. దాని నిర్మాణాన్ని 2008లో అమెరికా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. వాషింగ్టన్‌లోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఆచార్య వెనిగళ్ళ రావు, పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ రాస్‌మన్ ఆ పరిశోధనకు పెద్దలు. వెనిగళ్ళ అన్న ఇంటిపేరు ఏ నేలదో మీకు వేరే చెప్పాలా?

గంగ నీటిలో మొదటి ఆనవాలు

ఫేజ్‌ల చరిత్రలో మన దేశానికి మొదటి పుటలోనే చోటు ఉంది. 1896లో ఆగ్రాలో పనిచేస్తున్న ఎర్నెస్ట్ హాంకిన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఒక వింత గమనించాడు. గంగా యమునల నీటిలో కలరా సూక్ష్మజీవులను వేస్తే కొద్ది గంటల్లోనే చచ్చిపోతున్నాయి. అదే నీటిని కాచి వేస్తే చావడం లేదు. నీటిలో ఏదో ఉంది, వేడికి అది చెడిపోతోంది. ఆ 'ఏదో' ఫేజ్‌లే అయి ఉంటాయని తరువాతి కాలంలో చాలామంది భావించారు.

1915లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫెలిక్స్ డెరెల్ విడివిడిగా ఈ జీవులను కనుగొన్నారు. బాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టింది డెరెలే. ఆయన 1927లో మన దేశానికి వచ్చి కలరా రోగులపై ఫేజ్ వైద్యాన్ని పరీక్షించాడు. ఆ తరువాత పెన్సిలిన్ వంటి యాంటీబయాటిక్ మందులు రావడంతో చాలా దేశాలు ఫేజ్‌లను పక్కన పెట్టేశాయి. జార్జియా రాజధాని తిబ్లిసిలో 1923లో మొదలైన ఎలియావా సంస్థ మాత్రం ఆ పనిని వదలకుండా కొనసాగించింది.

మట్టి ఇచ్చిన మందులు

యాంటీబయాటిక్‌లు కూడా చాలావరకు మట్టి నుంచి వచ్చినవే. ఆ కథలో మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతిగా ఉన్నారు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్ష శాస్త్రవేత్త ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి పరీక్షించేవాడు. మిస్సోరి విశ్వవిద్యాలయం వారి గడ్డి మడి నుంచి 1945లో తీసిన మట్టిలో, బంగారు రంగు పదార్థాన్ని తయారుచేసే ఒక సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి వచ్చిన మందు ఆరియోమైసిన్. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అదే ఏడాది సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఇంత మంచి మందులు ఉండగా మళ్ళీ ఫేజ్‌ల వెంట పడటం ఎందుకు? బాక్టీరియా మందుకు అలవాటు పడిపోతున్నాయి కనుక. పూర్తి మోతాదు వాడకుండా మధ్యలో ఆపేయడం, జలుబు వంటి వైరస్ జబ్బులకు కూడా యాంటీబయాటిక్ మింగడం, పశువులకు, కోళ్ళకు విచ్చలవిడిగా పెట్టడం, ఇవన్నీ వాటికి తట్టుకునే శక్తిని నేర్పుతున్నాయి. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించాడు. 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అంచనా ప్రకారం 2019 ఒక్క సంవత్సరంలో మందులకు లొంగని బాక్టీరియా వల్ల ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారు.

ఫేజ్‌కు ఒక మంచి గుణం ఉంది. తనకు సరిపడే బాక్టీరియాను తప్ప వేరేదాన్ని ముట్టదు. మన పేగుల్లోని మంచి బాక్టీరియా జోలికి పోదు. అదే గుణం ఒక ఇబ్బంది కూడా. ఒక తాళానికి ఒకటే తాళంచెవి అన్నట్టు, రోగి ఒంట్లోని బాక్టీరియాకు సరిపోయే ఫేజ్‌నే వెతికి పట్టుకోవాలి. కాబట్టి తాళంచెవుల గుత్తి ఎంత పెద్దదైతే అంత మంచిది. ఆ గుత్తిని పోగుచేసే పనిలోకి విద్యార్థులు వచ్చారు.

విద్యార్థుల వేట

అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గ్రాహం హాట్‌ఫుల్ అనే ఆచార్యుడు ఉన్నారు. మొదట చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల పిల్లలతో, 2008 నుంచి అనేక కళాశాలల మొదటి సంవత్సరం విద్యార్థులతో ఆయన ఈ వేట చేయించారు. భూమి మీద ఫేజ్‌ల సంఖ్య 1 పక్కన 31 సున్నాలు పెట్టినంత ఉంటుందని అంచనా. అంత అడవిలో ఎవరు వెతికినా కొత్తది దొరకవచ్చు. పిల్లల చేతికి ఇవ్వదగిన పని అది.

వేట ఇలా సాగుతుంది. తడిగా, నీడగా ఉండే చోటు నుంచి, ముఖ్యంగా ఎరువుకుప్ప దగ్గర నుంచి, రెండు చెంచాల మట్టి తీస్తారు. బాక్టీరియా ఎక్కడ దండిగా ఉంటే వాటిని తినే ఫేజ్‌లు అక్కడ ఉంటాయి. కుళ్ళిన వంకాయ దగ్గరికి వెళ్ళడానికి కారణం ఇదే. ఆ మట్టిని పోషక ద్రావణంలో కలిపి, అందులో ఒక రకం బాక్టీరియాను ఎరగా వేస్తారు. హాట్‌ఫుల్ విద్యార్థులు వాడేది మట్టిలో బతికే మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్. క్షయ సూక్ష్మజీవికి ఇది బంధువే కానీ మామూలుగా మనకు హాని చేయదు.

తరువాత ఆ ద్రావణాన్ని 0.22 మైక్రాన్ల రంధ్రాలున్న వడపోత గుండా పంపుతారు. బాక్టీరియా పైన ఆగిపోతాయి, ఫేజ్‌లు కిందికి జారిపోతాయి. ఆ వడకట్టిన చుక్కను మళ్ళీ బాక్టీరియాతోనూ మెత్తని అగర్‌తోనూ కలిపి పెట్రీ పళ్ళెంలో పోస్తారు. ఒకటి రెండు రోజుల్లో పళ్ళెమంతా బాక్టీరియా మీగడలా పరుచుకుంటుంది. ఎక్కడైనా ఫేజ్ ఉంటే అక్కడ మాత్రం మీగడకు చిల్లు పడినట్టు ఒక స్వచ్ఛమైన మచ్చ కనిపిస్తుంది. దాన్ని ప్లాక్ అంటారు. కంటికి కనిపించని జీవి తన అడుగుజాడను అలా కంటికి చూపిస్తుంది.

ఆ మచ్చను సూదితో తాకి, మళ్ళీ మళ్ళీ పెంచి, ఒక్క రకం ఫేజ్ మాత్రమే మిగిలేలా శుద్ధి చేస్తారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో దాని ఫొటో తీస్తారు. డీఎన్ఏను చదువుతారు. చివరిగా, కనుగొన్న విద్యార్థి దానికి పేరు పెడతాడు. ఈ జాబితాలో కార్న్‌డాగ్ అనే తినుబండారం పేరు ఉంది, రోజ్‌బుష్ అంటే గులాబీ పొద ఉంది, మన వంకాయ మడ్డీ ఉంది.

వంకాయ నుంచి లండన్ దాకా

ఇక ఆ లండన్ అమ్మాయి సంగతి. ఆమెకు పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఉంది. ఊపిరితిత్తులు మార్చారు. ఆ తరువాత మైకోబాక్టీరియం అబ్‌సెసస్ అనే బాక్టీరియా ఒళ్ళంతా పాకింది. ఏ యాంటీబయాటిక్‌కూ లొంగలేదు. ఆమె వైద్యులు హాట్‌ఫుల్‌కు కబురు పెట్టారు. ఆయన దగ్గర అప్పటికే విద్యార్థులు పోగుచేసిన ఫేజ్‌లు 10 వేలకు పైగా ఉన్నాయి. ఆ నిల్వలో వెతకగా పనికివచ్చేవి మూడు తేలాయి. మడ్డీ, జోయీజే, బీపీఎస్.

వీటిలో ఉన్నదున్నట్టుగా చంపగలిగింది మడ్డీ ఒక్కటే. మిగిలిన రెండూ బాక్టీరియాలో దూరి చంపకుండా నిద్రపోయే స్వభావం కలవి. వాటిలో ఆ నిద్రకు కారణమైన జన్యువును తీసేయాలి. అందుకు వాడిన పనిముట్టు ఎక్కడిదో తెలుసా? చె9సి అనే మరో ఫేజ్ నుంచి తీసుకున్న రెండు జన్యువులతో తయారైంది. ఆ పేరులోని 'చె' మన చెన్నైది. చెన్నైలో దొరికిన ఫేజ్ కాబట్టి ఆ పేరు.

డర్బన్ వంకాయ, చెన్నై ఫేజ్, అమెరికా విద్యార్థులకు దొరికిన మరో రెండు. ఇన్ని ఊళ్ళ సాయం ఒక అమ్మాయి రక్తనాళంలోకి రోజుకు రెండుసార్లు ఎక్కింది. పుండు మానింది, కాలేయం పనితీరు మెరుగైంది, చర్మం మీది గడ్డలు చాలావరకు తగ్గాయి. జబ్బు పూర్తిగా పోలేదు కానీ ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళగలిగింది. 2019లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఈ వైద్యం వివరాలు వచ్చాయి. మన దేశంలోనూ కాశీ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు ఎంతకీ మానని పుండ్లకు ఫేజ్‌లతో చికిత్స చేసి ఫలితాలు ప్రచురించారు. ఇది ఇంకా అన్ని ఆసుపత్రుల్లో దొరికే మందు కాదు. పరీక్షలు జరుగుతున్నాయి.

'కనుగొన్న చోటు' అనే గడి

ఆ ఫేజ్‌ల జాబితాలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఒకటి చెబుతాను. ప్రతి ఫేజ్ పేరు పక్కనా అది ఏ ఊరిలో, ఏ దేశంలో, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర దొరికిందో రాసి ఉంటుంది. ఆ వివరం ఎందుకంటే, ఫేజ్ ఎలాంటి చోట, ఎలాంటి వాతావరణంలో దొరికిందో తెలిస్తేనే దాన్ని మిగిలినవాటితో పోల్చగలం. మళ్ళీ కావాలంటే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. చీటీ లేని మట్టి ఎంత మంచిదైనా శాస్త్రవేత్తకు సగమే పనికివస్తుంది.

మన బడిలో ప్రతి ఏడూ దరఖాస్తులు నింపే రోజున, 'స్వస్థలం' అనే గడి దగ్గర చాలామంది కలం ఆగిపోతుంది. "టీచర్, మాది ఏ ఊరు రాయాలి?" అంటారు. పుట్టింది ఖరగ్‌పూర్, అక్షరాభ్యాసం విశాఖ, మూడో తరగతి నాగపూర్, ఇప్పుడు బిలాస్‌పూర్. నేనూ మీలాగే ఊళ్ళు మారుతూ వచ్చినదాన్నే. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. మడ్డీ జాబితాలో మాత్రం స్వస్థలం అనే గడి లేదు. వెతికిన మనిషి ఆ ఊరిలో పుట్టాడా, బదిలీ మీద వచ్చాడా అని అక్కడ ఎవరూ అడగరు. ఉన్నన్నాళ్ళు కళ్ళు తెరిచి చూశాడా, చూసినదాన్ని సరిగ్గా రాసిపెట్టాడా అన్నదే లెక్క.

డర్బన్‌ను చూడండి. ఆ నేటాల్ ప్రాంతానికి 1860 నుంచి మన తెలుగువాళ్ళు కూడా చెరకు తోటల్లో పనికి ఓడలెక్కి వెళ్ళారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి మన వాళ్ళు పట్టాల వెంట ఈ బిలాస్‌పూర్‌కూ వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతి చోటా మన కాళ్ళ కింద ఒక మట్టి ఉంది. దానికి ఆ చోటి వాళ్ళు పెట్టుకున్న పేర్లూ ఉన్నాయి.

ఛత్తీస్‌గఢ్ రైతును అడగండి. నల్లని బంకమట్టిని 'కన్హార్' అంటాడు. పసుపు ఛాయలో ఇసుక కలిసినది 'మటాసి'. ఆ రెండింటికీ మధ్యరకం 'డోర్సా'. గట్టున ఉండే ఎర్రని గులకరాళ్ళ నేల 'భాఠా'. ఇక్కడి వాళ్ళు వంకాయను 'భాంటా' అంటారు. తిఫ్రా కూరగాయల మండీలో ఈ రెండు మాటలూ తారుమారు కాకుండా చూసుకోండి! అమ్ముడుపోక కుప్పలో మిగిలిన భాంటా కింద, అర్పా నది ఒడ్డు తడిలో, మన బడి తోటలో ఆకులు కుళ్ళే మూలలో, ఎన్ని ఫేజ్‌లు బాక్టీరియాను వేటాడుతున్నాయో! డర్బన్ వంకాయకు ఉన్న అర్హత తిఫ్రా వంకాయకూ ఉంది.

చేసి చూడండి

1. ఒక 'మట్టి పుస్తకం' మొదలుపెట్టండి. ఈ నెలలో మూడు చోట్ల మట్టిని గమనించండి. ప్రతిదానికీ తేదీ, వేళ, చోటు, అక్షాంశ రేఖాంశాలు, రంగు, తడి, వాసన, పక్కనున్న మొక్క పేరు రాయండి. బదిలీ అయితే పుస్తకాన్ని వెంట తీసుకువెళ్ళి, కొత్త ఊరిలో తరువాతి పుట నుంచి కొనసాగించండి.

2. మట్టి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంట్లో బాక్టీరియాను పెంచే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. ఆ పని ప్రయోగశాలలో, జీవశాస్త్రం ఉపాధ్యాయుల కళ్ళ ముందే జరగాలి.

3. ఊళ్ళో ఉన్న తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, అక్కడి మట్టి పేర్లు అడగండి. నల్లరేగడి, ఎర్రచెలక, చౌడు, ఒండ్రు, గరప. వీటిలో ఏది మీ వాళ్ళకు తెలుసు? ఇక్కడి కన్హార్, మటాసిలతో పోల్చి రెండు నిలువు వరుసల్లో రాయండి.

4. మీ ఇంట్లో ఎవరికైనా డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే, ఎన్ని రోజులు వాడమన్నారో, అన్ని రోజులూ వాడారో లేదో కనుక్కోండి.

5. తిఫ్రా మట్టిలో మీకే ఒక ఫేజ్ దొరికిందనుకోండి. దానికి ఏ తెలుగు పేరు పెడతారు? ఎందుకు? ఐదు వాక్యాల్లో రాసి నాకు ఇవ్వండి.